తీగ పోయింది, రెంటు ఉంది

మా అమ్మాయి ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు బిల్లులో రెండు పద్దులుంటాయి. ఒకటి ఫైబర్ బ్రాడ్‌బ్యాండుకి. దాని కింద ఇంకో పద్దు, చిన్నదే, ఇంటి ఫోనుకి. ఊరు ఇంగ్లండులోని సాల్స్‌బరీ. అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, అల్లుడిది ఇంటి నుంచే చేసే కంప్యూటరు ఉద్యోగం. ఇద్దరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. ఇంటి ఫోను మెట్ల కింద బల్ల మీద ఉంటుంది. అది మోగిందంటే అవతల ఉన్నది మీ కంప్యూటరుకి వైరసు పట్టిందని చెప్పే మోసగాడేనని మనవడికి కూడా తెలుసు.

"ఇది దేనికమ్మా?" అని అడిగాను.

"ప్యాకేజీలో వచ్చింది నాన్నా. తీసేయమని చెప్పాలంటే ఒక పూటంతా లైన్లో ఉండాలి" అంది.

నేను టెలిఫోన్స్ మనిషిని. తూర్పు గోదావరిలో మెకానిక్కుగా స్తంభాలెక్కి, డిపార్టుమెంటు పరీక్షలు రాసి జేటీవో (జూనియర్ టెలికాం ఆఫీసరు) అయి, అమలాపురం, రాజమండ్రి ఎక్స్ఛేంజీల్లో చాకిరీ చేసి రిటైరైనవాణ్ణి. రెంటు అన్న పద్దు కనిపిస్తే అది ఏ వస్తువుకో తేల్చుకోకుండా ఊరుకోలేను. మా రోజుల్లో కౌంటరు దగ్గర ఎవరైనా "నేను ఈ రెండు నెలలూ ఊళ్లోనే లేను, రెంటు ఎందుకు కట్టాలండీ?" అని అడిగితే జవాబు నోటి చివరనే ఉండేది. ఎక్స్ఛేంజీ నుంచి మీ ఇంటి దాకా రెండు రాగి తీగలున్నాయి, మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా అవి మీకోసమే ఉన్నాయి, వాటిని ఇంకొకరికి ఇవ్వలేం, అందుకు. ఈ సాల్స్‌బరీ ఇంటికి రాగి తీగే రాదు. గోడలోంచి వచ్చేది వెంట్రుకంత గాజు పోగు. మరి రెండో పద్దు దేనికి?

ఈ పద్దు పుట్టింది లండన్‌లో. గ్రాహం బెల్ 1878 జనవరిలో వైట్ దీవిలోని ఓస్‌బోర్న్ భవనానికి వెళ్లి విక్టోరియా రాణికి టెలిఫోను చూపించాడు. మరుసటి ఏడు ఆగస్టులో కోల్‌మన్ వీధిలో మొదటి ఎక్స్ఛేంజీ తెరిచారు. నడిపింది సర్కారు కాదు, ప్రైవేటు కంపెనీ. అప్పుడు కాల్‌కి ఇంత అని లెక్క లేదు. బోర్డు ముందు కూర్చున్న మనిషి తీగ గుచ్చి కలిపితే మాట, పీకేస్తే ముగింపు. ఎన్నిసార్లు కలిపారో రాసుకునే తీరిక ఎవరికీ లేదు. అందుకని ఏడాది చందా. లండన్‌లో అది 20 పౌండ్లు. ఆ రోజుల్లో ఒక పనిమనిషి ఏడాది జీతం ఇంచుమించు అంతే ఉండేది. చందా కట్టినవాడు పొద్దున్నించి రాత్రి దాకా మాట్లాడుకోవచ్చు. ఈ రోజు కంపెనీలు కొత్త వరంలా ప్రకటించే 'అపరిమిత కాల్స్' నూట నలభై ఏళ్ల కిందటి మామూలు ఏర్పాటే.

1880లో కోర్టులో ఒక చిత్రమైన తీర్పు వచ్చింది. బ్రిటన్ తపాలా శాఖకు 1869 చట్టం టెలిగ్రాఫు మీద గుత్తాధిపత్యం ఇచ్చింది. టెలిఫోను కూడా టెలిగ్రాఫేనా అన్నది వ్యాజ్యం. చట్టం రాసేనాటికి టెలిఫోను లోకంలో లేదు, బెల్ పేటెంటు 1876 నాటిది. అయినా సరే, తీగ మీద కబురు పోతోంది కాబట్టి ఇదీ టెలిగ్రాఫేనని కోర్టు తేల్చింది. దాంతో ప్రైవేటు కంపెనీలు తపాలా శాఖ దగ్గర లైసెన్సు తీసుకుని, రాబడిలో పదో వంతు సమర్పించుకుంటూ బతికాయి. అయిదేళ్ల తర్వాత మనకూ ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం వచ్చింది. నా సర్వీసంతా ఆ 1885 చట్టం నీడలోనే గడిచింది. దాని స్థానంలో కొత్త చట్టం చేసింది 2023లో. నేను రిటైరయ్యాక కూడా అది నాకంటే గట్టిగా ఉద్యోగం చేసింది.

1911 డిసెంబరు 31తో ఆ ప్రైవేటు కంపెనీల్లో పెద్దదైన నేషనల్ టెలిఫోన్ కంపెనీ లైసెన్సు గడువు తీరింది. మర్నాటి నుంచి బ్రిటన్ టెలిఫోన్లన్నీ తపాలా శాఖవే, ఒకటి రెండు పురపాలక సంఘాలవి తప్ప. దేశమంతటా తీగలకు ఒకే యజమాని. బిల్లు మూడు నెలలకోసారి, రెంటు మాత్రం ముందుగానే కట్టాలి.

ఆ రెంటుకి ఏం దొరికేదో చెప్పాలంటే నన్ను కొంచెం వర్కుషాపులోకి వెళ్లనివ్వండి. తొలినాటి ఫోనుకి కరెంటు ఇంట్లోనే పెట్టిన బ్యాటరీ సీసాల నుంచి వచ్చేది. మరచక్రం తిప్పి ఎక్స్ఛేంజీని పిలవాలి. తర్వాత కామన్ బ్యాటరీ పద్ధతి వచ్చింది. ఎక్స్ఛేంజీలో ఒక గది, గదిలో బల్లల మీద వరసగా ఇరవై నాలుగు సీసం సెల్లులు, ఒక్కోటి రెండు వోల్టులు పైచిలుకు. మొత్తం కలిపి యాభై. బ్యాటరీ గదిలోకి అడుగు పెడితే గొంతు గరగరలాడేది, ఖద్దరు పంచె మీద ఆమ్లం చుక్క పడితే సాయంత్రానికి బెజ్జం. ఆ యాభై వోల్టులు లైన్లన్నీ వచ్చి కలిసే ఎం.డి.ఎఫ్. చట్రం మీదికి, అక్కణ్ణించి జంపరు తీగ మీదుగా భూమిలో కేబులు లోకి, వీధి చివర పిల్లరు లోకి, స్తంభం మీది డీపీ బాక్సులోకి, చివరికి మీ గుమ్మం మీదుగా ఇంట్లోకి వచ్చేవి. రిసీవరు ఎత్తగానే ఆ రెండు తీగలూ కలుసుకుని కరెంటు పారుతుంది. ఎక్స్ఛేంజీకి మీరు లేచారని తెలుస్తుంది, డయల్ టోన్ ఇస్తుంది. ఇంట్లో కరెంటు ఉందా లేదా అన్నదానితో ఫోనుకి పని లేదు. ఫోను కరెంటు ఎక్స్ఛేంజీది. అక్కడ మెయిన్సు పోతే బ్యాటరీ, బ్యాటరీ దిగుతుంటే డీజిల్ జనరేటరు.

1996 నవంబరు తుపానులో కోనసీమలో స్తంభాల మీది లైన్లన్నీ కొబ్బరి చెట్లతో పాటే పడిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు. మేం డబ్బాలతో డీజిలు మోసుకొచ్చి జనరేటరు ఆగకుండా చూశాం. భూమిలో కేబులున్న వీధుల్లో కొన్ని ఫోన్లు పలుకుతూనే ఉన్నాయి. ఆ నాలుగు వీధుల ఇళ్ల ముందు జనం బారులు తీరారు, హైదరాబాదుకీ మద్రాసుకీ బతికే ఉన్నామని చెప్పుకోడానికి. రెంటు దేనికని నన్నెవరడిగినా ఆ వీధులే నా కళ్ల ముందు కొస్తాయి.

ఇంగ్లండు టెలిఫోను చరిత్ర చదువుతుంటే నాకు సగం మా డిపార్టుమెంటు చరిత్రలాగే ఉంటుంది. కారణం లేకపోలేదు. బ్రిటన్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ 1912లో ఎప్సమ్‌లో పెట్టారు. అది స్ట్రౌజర్ పద్ధతి, అమెరికాలో శవపేటికల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్ బుర్రలోంచి పుట్టింది. ఊళ్లో ఆపరేటరు తన ఖాతాదారుల్ని పోటీదారుకి కలుపుతోందన్న అనుమానంతో ఆపరేటరే అక్కర్లేని యంత్రం చేశాడంటారు. మన బెంగళూరులో 1948లో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు లివర్‌పూల్‌లోని ఆటోమేటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ సాంకేతిక సహకారం ఇచ్చింది. అందుకే మేం నూనె రాసి తుడిచిన సెలెక్టర్లూ, సాల్స్‌బరీ మెకానిక్కులు తుడిచిన సెలెక్టర్లూ ఒక్క తల్లి బిడ్డలు. బ్రిటన్‌లో చిట్టచివరి స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీని స్కాట్లండులోని క్రాఫర్డ్‌లో 1995లో కట్టేశారు.

ఇంకో పోలిక కూడా ఉంది. ఫోను కావాలంటే క్యూ. మన దగ్గర ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) అని వేలు డిపాజిట్టు కట్టినవాళ్లు కూడా ఏళ్లు ఎదురుచూసేవాళ్లు. ఎంపీ గారి సిఫారసు ఉత్తరం ఉంటే వేరే సంగతి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండులోనూ అదే గతి. తీగల కొరతకు తపాలా శాఖ కనిపెట్టిన ఉపాయం ఉమ్మడి లైను. రెండిళ్లకు ఒకే జత తీగలు, నంబర్లు వేరు, పక్కింటివాళ్లు మాట్లాడుతుంటే మనం ఆగాలి. 1948 నుంచి కొత్తగా ఫోను పెట్టించుకునే ఇళ్లు, అడిగినప్పుడు లైను పంచుకోడానికి ఒప్పుకోవాల్సి వచ్చేది. రెంటులో కొంచెం తగ్గింపు. పక్కింటి కబుర్లు వినడానికి మాత్రం అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. ఫోను పరికరం కూడా అద్దెదే. నల్లటి బేకలైటు డబ్బా తపాలా శాఖది, గోడకి బిగించేసి వెళ్తారు. కొనుక్కోవడం అన్న మాటే లేదు. గోడకి సాకెట్టు పెట్టి ఎవరి ఫోను వాళ్లు తగిలించుకునే ఏర్పాటు 1981 నవంబరులో వచ్చింది. అంతవరకూ ఇంట్లో రెండో గదిలో ఫోను కావాలన్నా అర్జీయే.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి డెబ్బైల్లో ఇక్కడికొచ్చిన డాక్టరు గారొకరు మా అమ్మాయికి పెద్ద దిక్కు. ఆ రోజుల్లో ఇంటికి కబురు పంపాలంటే తెనాలి దగ్గర వాళ్ల ఊరి బియ్యం మిల్లు నంబరే పీపీ నంబరు. ట్రంకు బుక్ చేసి, మిల్లులో మనిషి సైకిలేసుకుని వాళ్ల నాన్నగారిని పిలుచుకొచ్చేదాకా ఆగి, మూడు నిమిషాల్లో అందరూ బాగున్నారా, వర్షాలు పడ్డాయా అని అరిచి పెట్టేయడం. "కాల్ ఖర్చు నెల రెంటుని మించిపోయేదండీ, అందుకని ఏడాదికి ఒకట్రెండు" అన్నారాయన. తర్వాత తొంభైల చివర, రెండు వేల దశకంలో కొట్లలో గీకుడు కార్డులు వచ్చాయి. కార్డు మీద గీకితే నంబరు, ఆ నంబరుకి ఇంటి ఫోను నుంచి చేసి, పిన్ను కొట్టి, ఆ తర్వాత ఇండియా నంబరు. సెల్ నుంచి చేస్తే కార్డు త్వరగా అయిపోయేది. ఇక్కడి తెలుగు ఇళ్లల్లో ల్యాండ్‌లైను చాలాకాలం నిలవడానికి ఆ కార్డులొక కారణం. వాట్సాప్ వచ్చాక కార్డూ పోయింది, కారణమూ పోయింది.

ఈ దేశంలో ఒక్క ఊరు మాత్రం వేరే దారి పట్టింది. ఉత్తరాన హంబర్ నది ఒడ్డున ఉన్న హల్. అల్లుడు గారి స్నేహితుడు అక్కడుంటే, నేను పట్టుబట్టి వెళ్లాను, కేవలం టెలిఫోను బూతులు చూడ్డానికి. దేశమంతా ఎర్ర బూతులైతే హల్‌లో మీగడ రంగు, పైన కిరీటం గుర్తు ఉండదు. హల్ పురపాలక సంఘం 1902లో సొంత టెలిఫోను లైసెన్సు తెచ్చుకుని, 1904 నవంబరులో ట్రిపెట్ వీధిలో పాత స్నానశాల భవనంలో ఎక్స్ఛేంజీ తెరిచింది. అలా ప్రయత్నించిన పురపాలక సంఘాలు ఇంకొన్ని ఉన్నాయి, అన్నీ తపాలా శాఖకో నేషనల్ కంపెనీకో అమ్ముకున్నాయి. హల్ మొండికేసింది. 1914లో లైసెన్సు కొనసాగాలంటే ఊళ్లోని ఒకప్పటి నేషనల్ కంపెనీ ఆస్తి కూడా కొనాలని షరతు పెడితే, దాదాపు 1,92,000 పౌండ్లు పోసి కొనేసింది. ఆ ఊళ్లో స్థానిక కాల్‌కి నిమిషాల లెక్క ఉండేది కాదు. ఒకసారి కలిపితే ఒకే ధర, గంట మాట్లాడినా సరే. తపాలా శాఖ మిగతా దేశంలో నిమిషాలు లెక్కపెడుతుంటే హల్ అమ్మమ్మలు పొయ్యి మీద కూర పెట్టి ఫోన్లో కూర్చునేవారన్నమాట. 1999లో కంపెనీ షేర్లు మార్కెట్టుకెక్కాయి, 2007లో పురపాలక సంఘం మిగిలిన వాటా కూడా అమ్మేసింది. 2019కల్లా ఆ కంపెనీ తన పరిధిలో ఊరంతటికీ ఫైబరు వేసేసింది, దేశంలో అందరికంటే ముందు. రాజధాని నుంచి దూరంగా ఉన్న ఓ రేవు ఊరు రెండుసార్లు, శతాబ్దం తేడాలో, మిగతా దేశం కంటే తెలివిగా ప్రవర్తించిందని నా అభిప్రాయం.

మిగతా దేశానికి ఫైబరు అంత ఆలస్యం కావడం ఒక విడ్డూరం. గాజు పోగులో వెలుతురుని వంచి పంపడం మీద 1954లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి పరిశోధనా పత్రం రాసిన ఇద్దరిలో ఒకరు మన పంజాబు బిడ్డ నరీందర్ సింగ్ కపానీ. గాజుని తగినంత శుద్ధి చేస్తే కిలోమీటర్ల కొద్దీ కబురు పంపవచ్చని 1966లో లెక్క కట్టి చూపించిన చార్లెస్ కావ్ పనిచేసింది లండన్ దగ్గర్లోని హార్లోలో. ఆయనకు 2009లో నోబెల్ వచ్చింది. ఫైబరుకి పుట్టిల్లు ఈ దేశమే. అయినా ఇళ్లకు గాజు రాలేదు. 1984లో, తపాలా శాఖ టెలిఫోన్లకు వారసురాలైన బీటీ, అంటే బ్రిటిష్ టెలికామ్‌లో సగానికి పైగా వాటా జనానికి అమ్మారు. 1991లో ప్రభుత్వం కేబుల్ టీవీ కంపెనీలు ఎదగాలని, బ్రిటిష్ టెలికామ్ తన లైన్ల మీద టీవీ ప్రసారం చేయరాదన్న ఆంక్ష కొనసాగించింది. టీవీ అమ్ముకోనప్పుడు ఇంటింటికీ గాజు వేసి ఏం లాభమని ఆ కంపెనీ రాగి మీదే కూర్చుంది. పోటీ పెంచాలనుకున్న విధానం పాత తీగకి ఇంకో ముప్పయ్యేళ్ల ఆయుష్షు పోసింది.

ఆ రాగి మీదే 2000లో ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండు మొదలైంది. మనిషి గొంతు ఆ తీగలో వాడుకునేది 300 నుంచి 3,400 హెర్ట్‌జుల మధ్య చిన్న పట్టీ. నాలుగు వరసల రోడ్డు మీద ఒక్క సైకిలు పోతున్నట్టు, మిగతాదంతా నూరేళ్లు ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీలో, పాతిక వేల హెర్ట్‌జులకు పైన, ఇంటర్నెట్టు పంపారు. గొంతూ డేటా కలిసిపోకుండా ప్రతి ఫోనుకీ ఒక ఫిల్టరు డబ్బా. మేం కూడా మన దగ్గర అవే డబ్బాలు పంచాం. పనితనంగా చూస్తే అది అద్భుతమే, నేను కాదనను. కాని అక్కడే రెంటు స్వభావం మారిపోయింది.

అంతవరకూ ఫోను కావాలని రెంటు కట్టేవారు. అప్పట్నించి ఇంటర్నెట్టు కావాలంటే ముందు ఫోను ఉండాల్సి వచ్చింది, ఫోను ఉంటే రెంటు కట్టాల్సి వచ్చింది. ఫోను ముట్టుకోనివాడు కూడా కట్టేవాడు. కంపెనీలు దీన్ని ఎంత బాగా వాడుకున్నాయంటే, బ్రాడ్‌బ్యాండు ఉచితం అని పెద్ద అక్షరాల్లో వేసి, లైను రెంటు అదనం అని చీమ తలంత అక్షరాల్లో వేసేవి. ప్రకటనల నియంత్రణ సంస్థ చివరికి విసుగెత్తి, 2016 అక్టోబరు 31 నుంచి రెండూ కలిపి ఒకే ధరగా చూపించాలని ఆదేశించింది. ఈ ఒక్క ఆదేశంతో బిల్లుల్లో లైను రెంటు అన్న వరస చాలామటుకు మాయమైంది. డబ్బు మాయం కాలేదు, బ్రాడ్‌బ్యాండు ధరలోకి దూరింది.

ఈ మార్పుల్లో ఎక్కువ దెబ్బ తిన్నది ఇంటర్నెట్టు అసలే లేనివాళ్లు, ఉత్త ఫోను మాత్రమే ఉన్న ముసలివాళ్లు. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2017లో లెక్క తీస్తే, టోకున తీగ ఖర్చు నాలుగో వంతు దాకా తగ్గిన కాలంలోనే పెద్ద కంపెనీలు రెంటుని మాత్రం గట్టిగా పెంచాయని తేలింది. బేరాలాడటం, కంపెనీ మారడం తెలియని ఖాతాదారులు వీళ్లు, దశాబ్దాలుగా ఒకే చోట కడుతూ వచ్చినవాళ్లు. ఒత్తిడి మీద బీటీ ఫోను మాత్రమే ఉన్నవారికి నెల రెంటుని 18.99 పౌండ్ల నుంచి 11.99కి దించింది, 2018 ఏప్రిల్ నుంచి. ఏడు పౌండ్లు ఒక్కసారి తగ్గించగలిగారంటే అంతకుముందు దాకా ఎంత ఎక్కువ తీసుకున్నట్టు? అది వెనక్కి ఇమ్మని ఒక సామూహిక దావా పడింది. 2024 డిసెంబరులో ట్రిబ్యునలు ధర ఎక్కువే గాని అన్యాయం కాదని చెప్పి కొట్టేసింది. ఎక్కువ వేరు, అన్యాయం వేరు అని వాదించగలిగిన వకీళ్లకు నమస్కారం.

ఇక సాల్స్‌బరీ. తీగల నిర్వహణ చూసే ఓపెన్‌రీచ్ సంస్థ ఊరుకి ఊరంతా ఫైబరు వేసి చూద్దామని ఈ ఊరిని ఎంచుకుంది. 2020 డిసెంబరు నుంచి ఇక్కడ కొత్తగా రాగి ఫోను అమ్మడం ఆపేశారు. దేశమంతటా అమ్మకం ఆపింది 2023 సెప్టెంబరులో. పాత టెలిఫోను వ్యవస్థని 2025లో పూర్తిగా మూసేస్తామని మొదట ప్రకటించి, తర్వాత 2027 జనవరి ఆఖరుకి జరిపారు. ఎక్స్ఛేంజీ భవనాలు దేశంలో 5,600 ఉంటే వెయ్యో ఎంతో మిగులుతాయట. వీధిలో ఫైబరు లాగే కుర్రాడు నిచ్చెన ఎక్కి పని చేస్తుంటే నేను కింద నిలబడి చూశాను. స్తంభం అదే, బెల్టు అదే, పని మాత్రం చాలా నాజూకు. మాకు రాగి తీగని పళ్లతో ఒలిచే అలవాటు. గాజు పోగుని కత్తిరించడానికి ఇతని దగ్గర గడియారం రిపేరువాడి పనిముట్టంత సున్నితమైనదొకటి ఉంది.

ఇప్పుడు అమ్మాయి ఇంటి ఫోను ఎలా మోగుతుందంటే, గాజు పోగు హాల్లో గోడ మీద, వెలుతురుని విద్యుత్ సంకేతాలుగా మార్చే ఓఎన్‌టీ డబ్బాలో ఆగుతుంది. అక్కణ్ణించి రూటరు. రూటరు వెనక ఫోను సాకెట్టు. గొంతుని ముక్కలు చేసి డేటాతో కలిపి పంపుతారు. దానికోసం ప్రత్యేకంగా తీగ లేదు, బ్యాటరీ గది లేదు, ఎక్స్ఛేంజీలో ఈ ఇంటికని కేటాయించిన మేకు కూడా లేదు. ఒకే ఊళ్లో పక్కవాళ్లకి చేసినా ఇప్పుడు 01722 కోడుతో సహా కొట్టాలి. మిగిలిందల్లా నంబరు. దాన్ని ఒక సర్వరులో రాసిపెట్టి ఉంచడం, కాల్ వస్తే ఇటు తిప్పడం, అత్యవసరమైతే 999కి చిరునామాతో సహా అందించడం. రెండో పద్దు దీనికి. పనికి తగ్గ ధర అయితే నాకు అభ్యంతరం లేదు, ఉచితంగా ఏ పనీ జరగదని మాకు బాగా తెలుసు. అయితే మా అమ్మాయి లాంటివాళ్లు దాన్ని పాత ఫోను అనుకుని కడుతున్నారు. పాత ఫోనులో ఉన్న అసలు సరుకు ఇందులో లేదు.

ఆ సరుకు యాభై వోల్టులు. గాజులో కరెంటు పోదు. ఇంట్లో మెయిన్సు పోతే ఓఎన్‌టీ ఆరిపోతుంది, రూటరు ఆరిపోతుంది, ఫోను మూగబోతుంది. 2021 నవంబరు చివర ఆర్వెన్ తుపాను వచ్చి ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండుల్లో దాదాపు పది లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొన్ని వేల ఇళ్లకు వారం దాటినా రాలేదు. కరెంటు పోతే అక్కడి సెల్ టవర్లు కూడా కాసేపటికి చస్తాయి. ఆ అనుభవం తర్వాత జనం గోల పెట్టడంతో 2022 మార్చిలో బీటీ ఫోన్లను ఫైబరు మీదికి మార్చే పనిని కొన్నాళ్లు ఆపింది. నిబంధన ఏమంటుందంటే, ఇంటి ఫోను మీదే ఆధారపడినవాళ్లకు కరెంటు పోయిన తర్వాత కనీసం ఒక గంట అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీ చూపించాలి. ఒక గంట! మా ఎక్స్ఛేంజీలో బ్యాటరీ గంటలో దిగిపోతే మా పై అధికారి ఎస్.డి.ఓ. నా ఇంక్రిమెంటు ఆపేసేవాడు.

పక్కింట్లో ఎనభై దాటిన ఒంటరి ఆవిడ ఉంటుంది. మెడలో ఎర్ర మీట ఉన్న తాడు. పడిపోతే ఆ మీట నొక్కాలి, గోడ దగ్గరి పెట్టె ఫోను లైను ద్వారా కేంద్రానికి కబురు పెడుతుంది. బ్రిటన్‌లో ఇలాంటివాళ్లు పద్దెనిమిది లక్షల దాకా ఉన్నారని ప్రభుత్వమే చెప్తుంది. పాత పెట్టెలు కొన్ని కొత్త లైను మీద సరిగా పలకవు. 2023 డిసెంబరులో ఇలాంటి పెట్టెలు పనిచేయక ప్రమాదాలు జరిగాక, పరీక్షించకుండా ఎవరినీ బలవంతంగా మార్చబోమని ప్రభుత్వం కంపెనీల చేత ఒప్పంద పత్రం రాయించింది. ఆవిడ పెట్టె కొత్తదే, పరీక్షించే వెళ్లారు. ఒక గంట బ్యాటరీ కూడా ఇచ్చి వెళ్లారు.

"రెండో గంటలో ఏం చేస్తారండీ?" అని అడిగాను, అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది.

"సెల్ ఉందిగా" అందావిడ. రాతి గోడల ఇల్లు. సెల్ సిగ్నలు మేడ మీద కిటికీ దగ్గర తప్ప ఎక్కడా అందదు. పడిపోయిన మనిషి మేడెక్కి కిటికీ దాకా వెళ్లాలి.

మా అమ్మాయికి చెప్పాను: ఈ ఇంట్లో ఫోను పద్దు తీసేయ్, మీకు దండగ. నంబరు మీద ప్రేముంటే మాత్రం తీసేయకముందే వేరే చోటికి మార్పించుకో, ఒకసారి రద్దు చేశాక అది తిరిగి దొరకడం కష్టం. పక్కింటావిడకు మాత్రం పద్దు తీసేయమని చెప్పలేదు, చెప్పను. అల్లుడు గారు నెట్‌లో వెతికి, రూటరుకీ ఓఎన్‌టీకీ సరిపడా పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ తెప్పించారు. ఆవిడ ఒప్పుకుంటే నేనే వెళ్లి మెట్ల కింద బిగించాను. ఎక్స్ఛేంజీలో చేసినట్టే మెయిన్సు కట్టేసి, లోడు మీద పెట్టి, మీటరు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చింది. పెట్టె మీద ఆరు గంటలు అని రాశారు. నాలుగున్నర వచ్చింది.